పది సెకన్ల ఖాళీ

డాక్టర్ మా అక్కకి నలభై మూడు రోజులు గడువిచ్చాడు. బతకడానికి కాదు, మాట్లాడటానికి.

"స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. ప్రాణానికి ఢోకా లేదు. ఆ తర్వాత మాత్రం మాట రాదు," అన్నాడు. బల్ల మీది కేలెండర్ తిప్పి మే నెలలో ఒక తేదీ చుట్టూ సున్నా చుట్టాడు.

అక్క ఆ సున్నా వైపు కాసేపు చూసింది. "ఈలోగా ఎంతైనా వాగొచ్చా?"

"వాగొచ్చమ్మా."

"విన్నారుగా ఏవండీ," అని బావ వైపు తిరిగింది. "ఇక చెవుల్లో దూది పెట్టుకోండి."

బావ నవ్వలేదు. మందుల దుకాణంలో పనిచేసే మనిషి. డాక్టర్ రాసిన చీటీని మాకంటే ముందే చదివేశాడు.

అక్క డ్రైవింగ్ స్కూల్లో బండి నేర్పుతుంది. పంతొమ్మిదేళ్లుగా అదే పని. అందరూ 'క్లచ్ మేడమ్' అంటారు. పుట్టుకతోనే గొంతులో జీర. ఫోన్ ఎత్తితే అవతలివాళ్లు "సార్" అంటారు. ఆ జీర ఉండటమే కొంప ముంచింది. జబ్బు ఏడాది పాటు దాని వెనకే దాక్కుంది. గొంతు బొంగురుపోయిందని ఎవరికీ అనుమానం రాలేదు, ఎప్పుడు బాగుంది గనక?

అదే ఆసుపత్రిలో, వరండా చివర గదిలో, స్పీచ్ థెరపిస్ట్ ఒకావిడ మమ్మల్ని కూర్చోబెట్టింది. ఒక కంపెనీ ఉందట. పదకొండు వందల వాక్యాలు ఇంట్లోనే చదివి రికార్డ్ చేసి పంపితే, ఆ గొంతుతో మాట్లాడే యంత్రం తయారుచేస్తారట. మనం టైప్ చేస్తే అది పైకి చదువుతుంది.

"నా గొంతుతోనేనా?" అంది అక్క.

"మీ గొంతుతోనే. ఒకటే షరతు. వెనకాల ఏ చప్పుడూ ఉండకూడదు. ఉంటే వాళ్లు తీసుకోరు."

అక్క నా మోకాలి మీద ఒక్కటి చరిచింది. "విన్నావురా? ఇది నీ డిపార్ట్‌మెంటు."

నేను మోటార్ల మెకానిక్‌ని. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల పంపులు. బేరింగ్ పోయిందో, వైండింగ్ కాలిందో గుమ్మం బయటే నిలబడి చెప్పేస్తాను. నా చెవికి పేరుంది. ఆ పేరు మీదే కొట్టు నడుస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు బండి అక్కే నడిపింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దంలోంచి నన్ను చూసి అంది: "పిట్టకి తొమ్మిదేళ్లు. దాన్ని తిట్టడం ఇంకా సగం కూడా అవలేదు. మిగతావన్నీ పలక మీద రాసి చూపిస్తా, నాకేం బాధ లేదు. అది మాత్రం నా గొంతు విని పలకాలిరా. ఆ ఒక్కటీ చేసిపెట్టు."

పిట్ట అక్క కూతురు. అసలు పేరు బడి రిజిస్టర్‌లోనే ఉంటుంది.

"చేస్తా," అన్నాను.

*

మొదటి రోజు పడగ్గదిలో కూర్చుని ఇరవై వాక్యాలు ఫోన్‌లో చదివి పంపింది. ఇరవైకీ ఎర్ర గుర్తు పడింది. కింద ఒకే ముక్క: 'వెనక శబ్దం ఎక్కువ.'

నేను గది మధ్యలో నిలబడి కళ్లు మూసుకున్నాను. వంటింట్లో ఫ్రిజ్. ట్యూబ్‌లైట్ చోక్. గోడ గడియారం. పై వాటావాళ్ల ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు. బావ చెప్పులు. ఒక్కొక్కదాన్నీ వేటాడటం మొదలుపెట్టాను. గడియారం బీరువాలో బట్టల మధ్యకి పోయింది. ట్యూబ్‌లైట్ ఊడింది. బావని ఇంట్లో వట్టి కాళ్లతో నడవమన్నాను. ఫ్రిజ్ రోజూ మూడు గంటలు ఆపేసరికి పాలు విరిగాయి.

"మీ అక్క గొంతు బతికేలోపు మేం ఆకలితో పోయేలా ఉన్నాం," అన్నాడు బావ.

మూడో రోజు మెట్ల కింద సామాన్ల గది ఖాళీ చేసి గోడలకి పరుపులు నిలబెట్టాను. పైన దుప్పట్లు కట్టాను. మైకు ఒకటి, పాత ల్యాప్‌టాప్ ఒకటి నా స్నేహితుడు ఇచ్చాడు. వీడియోలు ఎడిట్ చేస్తాడు, అందుకే మేమంతా వాణ్ని కత్తెర అంటాం. ఆ గదిలో ఇద్దరం కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. ఫ్యాన్ లేదు. పది నిమిషాలకి అక్క జాకెట్టు వీపంతా తడిసిపోయేది.

"ఒరేయ్, ఇది రికార్డింగా, నన్ను ఉడకబెడుతున్నావా?"

"మాట్లాడకు. శక్తి దాచుకో."

"దాచుకుని ఏం చేసుకోనురా, వచ్చే నెల?"

ఇంట్లో చప్పుళ్లన్నీ ఆగాక ఎదురింటి రంపం వినబడింది. వడ్రంగి కొట్టు. కరెంటు రంపం పరుపుల్ని కూడా కోసుకుని లోపలికి వచ్చేది. వెళ్లి అడిగాను.

"అన్నా, రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా మిషన్ ఆపగలవా?"

"ఆపి? మధ్యాహ్నం నీ మోటార్లు వండుకు తిననా?"

విషయం చెప్పాను. ఆయన మిషన్ ఆపేశాడు. కనుబొమల మీద రంపపు పొట్టు అలాగే ఉంది.

"క్లచ్ మేడమ్‌కా? నాకు బండి నేర్పింది ఆవిడేగా. గేరు తప్పేస్తే ఆవిడ ఒక్క కేక వేసేది, చెయ్యి దానంతటదే సరైన చోటికి పోయేది." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "పదకొండు నుంచి రెండు దాకా ఆపుతా. గంట ఎక్కువే ఉంచుకో. ఆ టైంలో పాలిష్ పని చూసుకుంటాలే."

ఇంత చేసినా తొమ్మిది రోజుల్లో ఆకుపచ్చ గుర్తు పడినవి ఆరు. పదకొండు వందల్లో ఆరు. అక్క గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది. పొద్దున ఉన్నంత మధ్యాహ్నం ఉండటం లేదు. నేను గోడ మీద రోజులు లెక్క పెట్టడం మానేశాను.

పదో రోజు కొట్టులోంచి కత్తెరకి ఫోన్ చేశాను.

"ఇంకా చప్పుడు ఉంటోందిరా. ఎక్కడిదో దొరకట్లేదు."

"దొరకదు. గదికే ఒక చప్పుడుంటుంది గురూ. కరెంటుది, గాలిది. దాన్ని ఆపలేం, తర్వాత తీసెయ్యాలి. ఆ ల్యాప్‌టాప్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉంది. చప్పుడు ఏదో ముందు దానికి చూపించాలి. పోలీసు కుక్కకి దొంగ చొక్కా వాసన చూపించినట్టు. ఇక ఎక్కడ కనబడితే అక్కడ పట్టుకుని లేపేస్తుంది."

"ఎలా చూపించాలి?"

"రోజూ మొదలెట్టేముందు ఒక పది సెకన్లు ఖాళీగా తియ్యి. ఖాళీగా అంటే..."

సరిగ్గా అప్పుడే బల్ల మీద, నేను కొత్తగా చుట్టిన పంపు మోటారు పూర్తి వేగం అందుకుంది. పరీక్షకి పెట్టాను, ఆపబుద్ధి కాలేదు. బాగా తిరుగుతోంది.

"ఏం మాట్లాడకుండా, అంతేగా!" అని అరిచాను. "అర్థమైందిలే, పెట్టేస్తున్నా!"

*

మర్నాడు పదకొండింటికి ఎదుట రంపం ఆగింది. మేం లోపల తలుపేసుకున్నాం.

"ఇప్పుడు పది సెకన్లు నోరు మూసుకుని కూర్చోవాలి," అన్నాను.

"నలభై ఏళ్లుగా ఎవరివల్లా కానిది నీవల్ల ఏమవుతుందిరా," అంది. అని, పెదాలు బిగించి, మైకు ముందు బుద్ధిగా కూర్చుంది. నేను వేళ్లతో లెక్కపెట్టాను. పదో వేలు ముడవగానే ఫక్కున నవ్వింది.

ఆ పది సెకన్ల ముక్కని సాఫ్ట్‌వేర్‌కి చూపించాను. తర్వాత అక్క నలభై వాక్యాలు చదివింది. శుభ్రం చేసి పంపాను. ఇద్దరం తెర ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఒకటి ఆకుపచ్చ. రెండు ఆకుపచ్చ. నలభైకి నలభై.

అక్క నా జుట్టు పట్టుకుని ఊపేసింది. "ఏవండీ! మా తమ్ముడు ఇంజనీరండీ!"

బావ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు, వట్టి కాళ్లతో.

ఆ రోజు నుంచి అదే వరస. ముందు పది సెకన్లు. తర్వాత వాక్యాలు. అన్ని అక్షరాలూ అన్ని కలయికలూ రావాలని ఎవరో కూర్చుని రాసిన వాక్యాలు అవి. 'తాబేలు ఏడో అంతస్తు నుంచి నెమ్మదిగా దిగింది.' 'మీ పెద్దమ్మ గొడుగు నా దగ్గర లేదు.' 'గుర్రానికి జ్వరమొస్తే ఉత్తరం ఎవరు రాస్తారు?'

"ఇవన్నీ నేను జీవితంలో ఎప్పుడంటానురా?"

"అక్షరాల కోసం అక్కా."

"నా జీవితానికి నాలుగు ముక్కలు చాలు. బ్రేక్. అద్దం చూడు. తిన్నావా. చంపేస్తా."

వాటిలో వంద వాక్యాలు సొంతంగా రాసుకోవచ్చన్నారు. యంత్రం ఎటూ ఏది టైప్ చేసినా చదువుతుంది గానీ, ఇవి మాత్రం అచ్చంగా ఎలా చదివారో అలా వస్తాయట. అక్క నోటుబుక్ పట్టుకుని రెండు రోజులు కూర్చుంది. బావని దగ్గరికి రానివ్వలేదు. నేను గదిలో విన్నాను. 'పిట్టా, ఇలా రా.' 'పిట్టా, తల దువ్వుకో.' 'పరీక్ష పోతే పోయింది, ముందు తిను.' 'ఎవడే వాడు?' 'ఆ అబ్బాయి నాకు నచ్చాడు.' ఆ వెంటనే, 'ఆ అబ్బాయి నాకు నచ్చలేదు.'

"రెండూనా?" అన్నాను.

"ఎప్పుడు ఏది అవసరమో ఎవరికి తెలుసు," అంది. దుప్పటి అంచుతో ముఖం తుడుచుకుంది. "చెమట. నువ్వు అటు చూడు."

తన గొంతు తను వినడానికి మాత్రం ఒప్పుకోలేదు. "పాడైపోతున్నదాన్ని కూర్చుని వినమంటావా? నువ్వు విను చాలు. నీ చెవి ఉందిగా."

నేను విన్నాను. రోజూ సాయంత్రం కొట్టు మూశాక, చిన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ప్రతి వాక్యమూ విన్నాను. మాటల మధ్య ఖాళీల్ని విన్నాను. వాక్యం ముందు, వాక్యం తర్వాత, రెండు పదాల నడుమ. ఎక్కడా దుమ్ము లేదు. అద్దం తుడిచినట్టుంది. మాట దగ్గరికి వచ్చేసరికి, అది అక్కే కదా, వినేదేముంది అని ముందుకు జరిపేవాణ్ని.

ల్యాప్‌టాప్ పాతది. పెద్ద ఫైళ్లకి చోటు చాలేది కాదు. శుభ్రం చేసినదాన్ని దాచబోతే అడిగేది: 'పాతదాని స్థానంలో దీన్ని ఉంచాలా?' అవును అని నొక్కేవాణ్ని. మొదట్లో పాసైన ఆరింటినీ కూడా, అన్నీ ఒకేలా ఉండాలని, మళ్లీ చదివించి శుభ్రం చేసి పంపాను. ఎర్ర గుర్తు పడినవాటిని చోటు కోసం ఎప్పుడో చెరిపేశాను. పదకొండు వందల సార్లు అవును నొక్కాను. పది సెకన్ల ముక్కలు మాత్రం రోజుకొకటి చొప్పున వేరే ఫోల్డర్‌లో పేర్చి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వాటిని అలాగే ఉంచుకుంటుంది.

ఆఖరి రోజుకి అక్క గొంతు గాలిలా అయిపోయింది. మిగిలినవి పదకొండు. ఒక్కో వాక్యానికీ నీళ్లు తాగి, కళ్లు మూసుకుని, చదివింది. చిట్టచివరిది, 'గాడిద ఈరోజు బడికి వెళ్లలేదు.'

"ఆపేశావా?" అంది.

"ఆపేశాను."

"అయితే విను. ఇది ఆ కంపెనీవాళ్లకి కాదు." నా చెవి దగ్గరికి వంగింది. "అమ్మ పోయాక నిన్ను నేనే పెంచాననుకునేదాన్ని. ఈ నెలలో నువ్వు నన్ను మోశావురా. బాగా చేశావు."

*

ఆపరేషన్ అనుకున్న తేదీనే అయింది. తొమ్మిది గంటలు పట్టింది. ప్రాణానికి ఢోకా లేదని డాక్టర్ ముందే చెప్పాడు, అన్న మాట నిలబెట్టుకున్నాడు. అక్క మెడ కింద నాణెమంత రంధ్రం. ఊపిరి అక్కణ్నుంచే. చేతిలో పలక.

జూన్ మొదట్లో, మబ్బులు పట్టాక, గొంతు వచ్చింది. టాబ్లెట్‌లో ఎక్కించి తీసుకెళ్లాను. అక్క ముందుగదిలో సోఫాలో కూర్చుంది. తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుంది. పిట్టని కావాలని వంటింట్లోకి పంపించింది, గిన్నెలు సర్దమని. బావ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను అక్క పక్కన.

అక్క ఒక్క మీట నొక్కింది.

"పిట్టా, ఇలా రా," అంది టాబ్లెట్.

స్పష్టంగా ఉంది. తియ్యగా ఉంది. లిఫ్టులో ఏ అంతస్తు వచ్చిందో చెప్పే ఆడగొంతులా ఉంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు. పిట్ట రాలేదు.

అక్క మళ్లీ నొక్కింది. "పిట్టా, ఇలా రా." గిన్నెల చప్పుడు ఆగలేదు. లోపల పిట్ట ఏదో కూనిరాగం తీస్తోంది. మూడోసారి. నాలుగోసారి.

బావ లోపలికి వెళ్లాడు. మాకు అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"అమ్మ పిలుస్తుంటే పలకవేంటే?"

"అమ్మా? ఎప్పుడు?" పిల్ల గొంతులో నిజమైన ఆశ్చర్యం. "ఏదో టీవీలో అనుకున్నా నాన్నా."

అక్క నా వైపు తిరిగి బొటనవేలు పైకెత్తి చూపింది. బాగుందని కాదు. వాల్యూమ్ పెంచమని. నేను పెంచాను. వాల్యూమ్‌తో ఆ సంగతి తేలదని, నలభై ఏళ్ల పాత మోటారుని కూడా చప్పుడు విని, మనిషిని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టగల నాకు, ఆ క్షణంలోనే తెలుసు. అయినా చివరిదాకా పెంచాను.

పిట్ట వచ్చి అమ్మ ఎదురుగా నిలబడింది. అక్క మరో మీట నొక్కింది. "పిట్టా, తల దువ్వుకో." పిల్ల టాబ్లెట్ వైపు చూసింది. తర్వాత అమ్మ నోటి వైపు. తర్వాత నాన్న వైపు.

"చాలా బాగుందమ్మా," అంది.

తొమ్మిదేళ్ల పిల్ల మర్యాద కోసం అబద్ధం చెప్పడం నేను చూడటం అదే మొదలు.

*

కంపెనీకి రాశాను. రెండో రోజే జవాబు వచ్చింది. 'మీరు పంపిన రికార్డింగులు చాలా శుభ్రంగా ఉన్నాయి. అయితే గొంతులో సహజమైన ఊపిరి, జీర దాదాపు లేవు. శుభ్రం చెయ్యకముందు తీసిన ఫైళ్లు పంపితే మళ్లీ తయారుచేస్తాం.' ఫోన్లో ఉన్న పాత వీడియోలు పంపాను. అన్నింట్లోనూ అక్క ఇంజను మీదుగా, హారన్ మీదుగా అరుస్తూ ఉంటుంది. శబ్దం ఎక్కువ, పనికిరావన్నారు.

కత్తెరని కొట్టుకి రమ్మన్నాను. వాడు తన పెద్ద హెడ్‌ఫోన్లు తెచ్చుకున్నాడు. ఒక వాక్యం విన్నాడు. ఇంకోటి విన్నాడు. నుదురు ముడిపడింది.

"చప్పుడు చూపించిన ముక్కలేవి?"

ఫోల్డర్ తెరిచాను. మొదటి రోజుది విన్నాడు. రెండో రోజుది. పదకొండో రోజుది. ఆఖరి రోజుది.

"గురూ, ఈ పది సెకన్లు తీసేటప్పుడు అక్క ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది? మైకు ముందే."

కత్తెర హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. వైరు మెల్లిగా చుట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపేశాడు.

"టీ తాగుదామా?" అన్నాడు.

నేను హెడ్‌ఫోన్లు అందుకుని పెట్టుకున్నాను. ఫ్రిజ్ లేదు. రంపం లేదు. గడియారం లేదు. ఒక మనిషి ఊపిరి ఉంది. లోపలికి వెళ్లేటప్పుడు ఇసుక జారినట్టు, బయటికి వచ్చేటప్పుడు గరుకు కాగితం రుద్దినట్టు. మూసిన పెదాల వెనక, బిగబట్టిన నవ్వు వెనక, అక్క గొంతులోని జీర మొత్తం అక్కడ ఉంది. రోజూ ముందుగా దాన్నే చూపించి, ఇదే దొంగ, ఎక్కడ కనబడినా లేపెయ్యి అన్నాను. అది చెప్పినట్టు చేసింది. పదకొండు వందల వాక్యాల్లోంచి అక్కని ఏరి పారేసింది.

"ఖాళీ అంటే గది ఖాళీ గురూ," అన్నాడు కత్తెర, నేల వైపు చూస్తూ. "మనిషి లేకుండా. ఆ రోజు చెబుతున్నా... అసలువి ఉన్నాయా?"

"లేవు."

ముప్ఫై మూడు ముక్కలు. ఐదున్నర నిమిషాలు. ఆ గదిలో తీసినవాటిలో నా దగ్గర పాడవకుండా మిగిలింది అదే. అందులో ఒక్క మాట లేదు.

*

బావకి చెప్పాను. దుకాణంలో జనం లేని సమయం చూసుకుని వెళ్లాను. ఆయన గాజు బల్ల వెనక నిలబడి మాత్రల అట్టలు సర్దుతున్నాడు. మొత్తం విన్నాడు. చేతులు ఆగలేదు.

"మీ అక్కకి చెప్పావా?"

"ఇప్పుడు వెళ్లి చెబుతా."

"చెప్పకు."

"బావా..."

"కంపెనీవాళ్లు పాడుచేశారని మీ అక్క మండిపడుతోంది. ఆ కోపం మీదే లేచి తిరుగుతోంది, ఆ కోపం మీదే నాలుగు ముద్దలు తింటోంది. నువ్వు చేశావని తెలిస్తే కోప్పడుతుందనుకుంటున్నావా? నిన్ను క్షమిస్తుంది. క్షమించి మంచమెక్కుతుంది." అట్టలు డబ్బాలో పెట్టి మూత వేశాడు. "నాకు ఆవిడ తిరుగుతుండాలి. నీకు బరువు దించుకోవాలనుంటే ఇంకెక్కడైనా దించుకో."

ఇంటికి వెళ్లేసరికి అక్క ఒక కాగితం నా చేతిలో పెట్టింది. కంపెనీకి ఫిర్యాదు. 'మా తమ్ముడు నలభై రోజులు అన్నం నీళ్లు మానుకుని, చెమటలో నాని చేసిన పని ఇది. వాడికి మోటారు చప్పుడు వింటే అందులో జబ్బేమిటో తెలుస్తుంది. అలాంటివాడు శుభ్రంగా పంపిన గొంతుని మీరు పాడుచేశారు. మీరు వాడికి క్షమాపణ చెప్పాలి.' తప్పులుంటే దిద్ది పంపమని సైగ చేసింది.

రెండు అక్షరదోషాలు దిద్దాను. పంపానని చెప్పాను. పంపలేదు.

రోజూ కనుబొమలెగరేసి అడిగేది: జవాబు వచ్చిందా? తల అడ్డంగా ఊపేవాణ్ని. వారానికి ఇంకో ఫిర్యాదు రాసింది. తర్వాత మూడోది. మూడూ నా కొట్టులో, ఇన్సులేషన్ కాగితాల కింద ఉన్నాయి.

వీధిలో వడ్రంగి ఆపాడు. "మెకానిక్కూ, మేడమ్ గొంతు వచ్చిందా? నేనింకా పదకొండింటికి ఆపుతూనే ఉన్నా. అడుగుదామంటే నువ్వు కనబడవు."

"వచ్చిందన్నా. ఇక ఆపక్కర్లేదు."

"అమ్మయ్య! ఒకసారి వచ్చి వింటా. నన్ను తిట్టమని చెప్పు."

మర్నాడు పదకొండింటికి రంపం మొదలైంది. మెట్ల కింద గదిలో పరుపులు తీసేస్తూ నేను దాన్ని చివరిదాకా విన్నాను.

*

వానలు ముదిరాక ఒక ఆదివారం అక్క ఇంట్లో ఫ్యాన్ మొరాయించింది. వెళ్లి విప్పాను. టాబ్లెట్ ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లుల పక్కన ఉంది. చార్జి అయిపోయి చాలా రోజులైనట్టుంది. ఎవరూ దాని మాట ఎత్తలేదు. ఫిర్యాదులు కూడా ఆగిపోయాయి.

పిట్ట నా పక్కన కూర్చుని మరలు ఒక్కొక్కటే అందిస్తోంది. బడి కబుర్లు చెబుతోంది. వంటింట్లోంచి టక్, టక్ మని రెండు దెబ్బలు వినబడ్డాయి. గరిట గుమ్మానికి తగిలిన చప్పుడు. పిట్ట మాట మధ్యలో ఆపి, "ఆ, వస్తున్నానమ్మా!" అని కేకేసి పరిగెత్తింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

కాసేపటికి వెనక్కి వచ్చి మళ్లీ కూర్చుంది.

"అదేంటే?" అన్నాను.

"పిలుపు. అమ్మే పెట్టింది. నాకు రెండు, నాన్నకి మూడు."

"వినబడుతుందా, ఈ వానలో?"

"ఎందుకు వినబడదు? మా అమ్మ కొట్టినట్టు ఇంకెవరూ కొట్టరుగా. నాన్న కొట్టి చూశాడు, నాకు తెలిసిపోయింది." ఇంకో మర నా అరచేతిలో పెట్టింది. "నీకు కూడా ఉంది మామయ్యా. నీకు ఒక్కటే."

"నాకు ఒక్కటేనా?"

"నీ చెవి మంచిదట. ఒక్క దెబ్బ చాలని పలక మీద రాసింది."

నేను ఫ్యాన్ మూత బిగించడం మొదలుపెట్టాను. మర గాడిలో పడటం లేదు. తీసి మళ్లీ పెట్టాను.

వంటింట్లోంచి ఒక్క దెబ్బ వినబడింది.

"మామయ్యా, నీకే," అంది పిట్ట.

లేచి వెళ్లాను.